అమెరికాకి కొత్తగా వచ్చారా? ప్రాణం మీదికి వస్తే ఎక్కడికి, ఎలా వెళ్ళాలి

నేను అమెరికా వచ్చిన మొదటి సెమిస్టర్‌లో మా రూమ్మేట్‌కి ఒక రాత్రి కడుపునొప్పి మొదలైంది. బయట తిన్నది పడలేదేమో అనుకున్నాం. మజ్జిగ తాగాడు, వాము నమిలాడు, వాళ్ళమ్మ సర్ది పంపిన మందుల డబ్బాలోంచి గ్యాస్ బిళ్ళ వేసుకున్నాడు. మర్నాటికి నొప్పి కుడివైపు కిందకి దిగింది, జ్వరం వచ్చింది, డోలో వేసుకుని పడుకున్నాడు. ఆ రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళడానికి నడుం వంచుకుని, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే మేం ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. "అంబులెన్స్ వద్దురా, లక్షల్లో బిల్లు వేస్తారంట" అన్నాడు వాడు. మేమూ సరే అన్నాం. తెల్లవారుజామున ఒక సీనియర్ అన్న వచ్చి మమ్మల్ని తిట్టి కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అపెండిక్స్ పగిలిపోయి ఉంది. ఒక్క రోజు ముందు వెళ్ళుంటే చిన్న ఆపరేషన్‌తో ఇంటికొచ్చేవాడు. వారం పైనే ఆసుపత్రిలో ఉన్నాడు, ఏ బిల్లుకి భయపడ్డామో ఆ బిల్లు ఇంకా పెరిగింది.

ఇలాంటిది ఇంకో ఇంట్లో జరగకూడదనే ఇది రాస్తున్నాను. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు, ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, అందరికీ పనికొస్తుంది. ముందు మనిషిని డాక్టర్ దగ్గరికి చేర్చండి, బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు. దానికి దారులున్నాయి, అవీ చెప్తాను.

ఒంట్లో బాగున్నప్పుడే, ఈ వారమే చేసి పెట్టుకోండి

మొదట ఇన్సూరెన్స్ కార్డు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ అయితే చాలాసార్లు కార్డు ఇంటికి రాదు, మనమే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసుకోవాలి. సెమిస్టర్ మొదలైన రెండు నెలలకి కూడా ఆ పని చేయనివాళ్ళు ఎంతమందో. ఇప్పుడే చేసేయండి, రెండు వైపులా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, నమ్మకమైన ఒక రూమ్మేట్‌కి కూడా పంపండి. కార్డు వెనక ఉండే నంబర్లలో చాలా ప్లాన్లకి నర్స్ లైన్ అని ఒకటి ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఒక నర్సు మాట్లాడి, ఇది ఇప్పుడే వెళ్ళాల్సిందా, పొద్దున దాకా ఆగొచ్చా అని చెప్తుంది. దానికి డబ్బులు తీసుకోరు. మనవాళ్ళు అసలు వాడని సదుపాయం ఇదే.

ఆ కార్డు మీద కనిపించే మాటల అర్థం కూడా తెలుసుకోండి. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు పెట్టడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి పోయే మొత్తం. కోపే అంటే వెళ్ళిన ప్రతిసారీ కట్టే ఫిక్స్‌డ్ ఫీజు. కోఇన్సూరెన్స్ అంటే డిడక్టిబుల్ అయిపోయాక కూడా మన వాటాగా పడే శాతం. అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్ అంటే ఏడాదికి మనం కట్టాల్సిన పై హద్దు, నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో ప్లాన్ కవర్ చేసే వైద్యానికి అంతకు మించి పడదు. ఈ చివరి అంకె చూసుకుంటే చాలామందికి సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే భయంకరమైన బిల్లులు చాలావరకు ఇన్సూరెన్స్ లేనివాళ్ళవో, ఇన్సూరెన్స్ లెక్క తేలకముందు వచ్చిన కాగితాలో అయి ఉంటాయి. ఒక్క మాట, యూనివర్సిటీ ప్లాన్ ఖరీదని బయట చౌక ప్లాన్ కొని వేవర్ (యూనివర్సిటీ ప్లాన్ వద్దనే అప్లికేషన్) పెట్టేవాళ్ళు, ఎమర్జెన్సీకి ఆ ప్లాన్ ఎంత ఇస్తుందో, దేనికి ఇవ్వదో చదివి మరీ కొనండి.

తర్వాత అడ్రస్. నవ్వులాట కాదు, కొత్తగా వచ్చినవాళ్ళకి తమ అపార్ట్‌మెంట్ అడ్రస్ నోటికి రాదు. కంగారులో అసలే రాదు. ఒక కాగితం మీద ఇంటి నంబరు, వీధి పేరు, బిల్డింగ్, అపార్ట్‌మెంట్ నంబరు, ఊరు, గేట్ కోడ్ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. గేట్ కోడ్ మరిచిపోకండి. అర్ధరాత్రి గేటు మూసుంటే అంబులెన్స్ బయటే నిలబడాల్సి వస్తుంది.

ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించేలా మెడికల్ ఐడీ నింపండి. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. పడని మందులు, రోజూ వాడే మందులు, ఎవరికి ఫోన్ చేయాలో అందులో పెట్టండి. ఇండియాలో ఉన్న నాన్న నంబరు ఒక్కటే పెడితే సరిపోదు, ఇక్కడే ఉన్న ఒకరి నంబరు కూడా ఉండాలి.

మందుల పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. మన దగ్గర పారాసిటమాల్ అంటాం, ఇక్కడ అదే మందుని అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అంటే అదే. డోలో 650 వేసుకుని, తగ్గలేదని టైలెనాల్ వేసుకుని, జలుబుకి డేక్విల్ తాగితే మూడుసార్లూ ఒకే మందు లోపలికి పోతున్నట్టు. పెద్దవాళ్ళకి రోజుకి 4000 మిల్లీగ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ మద్యం తాగేవాళ్ళకీ హద్దు ఇంకా తక్కువ. ఆస్తమా ఉన్నవాళ్ళు వాడే ఆస్థలిన్‌లో ఉండే సాల్బుటమాల్‌ని ఇక్కడ ఆల్బ్యుటెరాల్ అంటారు. అందుకే మీ మందుల లిస్టు బ్రాండ్ పేర్లతో కాకుండా అసలు మందు పేరు, ఎంత డోసు అనేవాటితో రాసుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి

మన ఊళ్ళో అయితే జ్వరమొచ్చినా, చెయ్యి విరిగినా తెలిసిన నర్సింగ్ హోమ్‌కి పోతాం. ఇక్కడ తలుపులు వేరు వేరు, తప్పు తలుపు తడితే డబ్బో టైమో పోతుంది.

ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఈఆర్, అంటే ఎమర్జెన్సీ రూమ్. మన దగ్గర క్యాజువాలిటీ అనేది ఇదే, క్యాజువాలిటీ అంటే మాత్రం ఇక్కడ అర్థం కాదు. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఊపిరి అందకపోవడం, ముఖం ఒక పక్కకి వంకరపోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, స్పృహ తప్పడం, ఫిట్స్, ఆగని రక్తం, తలకి గట్టి దెబ్బ, గర్భిణికి రక్తం పోవడం, తిన్నదో కుట్టిందో పడక పెదాలూ గొంతూ వాచిపోవడం, తగ్గకుండా పెరుగుతూ పోయే కడుపునొప్పి. వీటిలో ఏది వచ్చినా ఇంకెవర్నీ సలహా అడగొద్దు. ముఖ్యంగా ఛాతీ నొప్పిని "గ్యాస్ అయ్యుంటుందిలే" అని తేల్చేసే అలవాటు మనకి బాగా ఉంది. చెమటలు పట్టి, నొప్పి ఎడం చేతిలోకో దవడలోకో పాకుతుంటే ఈనో కలపడం ఆపి 911 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) కొట్టండి. గ్యాసే అని తేలితే తేలనివ్వండి, డాక్టర్లే చెప్తారు. పక్షవాతం లక్షణాలైతే గడియారం చూసి టైమ్ గుర్తుపెట్టుకోండి, మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు అన్నది వాళ్ళు మొట్టమొదట అడుగుతారు, ఎందుకంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అప్పట్నుంచి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

ప్రాణానికి భయం లేదు గానీ రేపటి దాకా ఆగలేం అనుకుంటే అర్జెంట్ కేర్. కాలు బెణికింది, వేలు తెగి కుట్లు పడేలా ఉంది, చెవి పోటు, గొంతు నొప్పితో జ్వరం, మూత్రంలో మంట, ఇలాంటివి. ఎక్స్‌రే చాలాచోట్ల ఉంటుంది, అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళొచ్చు, ఈఆర్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కానీ ఎక్కువ భాగం రాత్రి మూసేస్తారు. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి, అంటే డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకి, ప్రత్యేకంగా ఒక సంగతి. అక్కడ షాపింగ్ సెంటర్లలో ఫ్రీస్టాండింగ్ ఈఆర్‌లు ఉంటాయి. చూడ్డానికి అచ్చం అర్జెంట్ కేర్‌లాగే, శుభ్రంగా, ఖాళీగా కనిపిస్తాయి, బిల్లు మాత్రం ఈఆర్ బిల్లే. బోర్డు మీద ఎమర్జెన్సీ అనే మాట ఉందేమో చూసి, లోపలికి వెళ్ళగానే "ఇది అర్జెంట్ కేరా, ఎమర్జెన్సీ రూమా, మీరు మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారా" అని అడగండి.

స్టూడెంట్లకి క్యాంపస్‌లోనే హెల్త్ సెంటర్ ఉంటుంది, చాలా యూనివర్సిటీల్లో దాని ఫీజు మీ సెమిస్టర్ ఫీజులోనే కట్టేసి ఉంటారు. మామూలు జ్వరానికి, దగ్గుకి ముందు అక్కడికే. మీ ఇంటికి దగ్గర్లో నెట్‌వర్క్‌లో ఉన్న ఒక అర్జెంట్ కేర్, ఒక ఈఆర్, రెండూ ఇప్పుడే మ్యాప్స్‌లో సేవ్ చేసుకోండి.

ఇంకో రెండు నంబర్లు. ఇంట్లో పసిపిల్ల బాత్రూమ్ క్లీనర్ తాగినా, ఎవరైనా మందులు ఎక్కువ మింగినా, మనిషి స్పృహలో ఉంటే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222, పగలూ రాత్రీ ఉచితం. స్పృహ లేకపోయినా, ఊపిరి కష్టమైనా నేరుగా 911. మనసు బాగా లేక, బతకాలని లేదు అనిపిస్తే 988కి కాల్ చేయండి లేదా మెసేజ్ పంపండి, ఆ నంబరు 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తోంది. ఇంటికి దూరంగా, ఉద్యోగం దొరకక, అప్పు గుర్తొస్తూ ఒంటరిగా కుమిలిపోతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ నంబరు మీకోసమే, ఫోన్ చేస్తే తప్పేం లేదు.

911కి ఫోన్ చేసినప్పుడు

మనకి 108 అలవాటు. 2005 ఆగస్టు 15న మన దగ్గరే మొదలైంది, ఫోనూ ఉచితం, అంబులెన్సూ ఉచితం. ఇక్కడ 911కి ఫోన్ ఉచితం, ప్లాన్ అయిపోయిన ఫోన్ నుంచి కూడా కలుస్తుంది, కానీ అంబులెన్స్‌కి మామూలుగా బిల్లు వస్తుంది. అది తెలిసి కూడా పిలవమనే చెప్తున్నాను. ఛాతీ నొప్పి ఉన్న మనిషి తనే కారు నడుపుకుంటూ వెళ్ళడం, ఊబర్ కోసం ఎదురుచూడటం చాలా ప్రమాదం. అంబులెన్స్‌లో వచ్చేవాళ్ళు మీ హాల్లోనే వైద్యం మొదలుపెడతారు, దారిలోనే ఆసుపత్రికి కబురు చేస్తారు.

ఫోన్ ఎత్తగానే మొదట అడ్రస్ చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా. లైన్ తెగిపోయినా మనిషిని పంపడానికి వాళ్ళకి అదే ఆధారం. తర్వాత ఒక్క ముక్కలో ఏం జరిగిందో చెప్పండి. ఇంగ్లీష్ నోటికి రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనండి, చాలా సెంటర్లు లైన్‌లోకి దుబాసీని తీసుకొస్తాయి. వాళ్ళు ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు, ఈలోపు అంబులెన్స్ ఆలస్యమవుతోందని కంగారుపడకండి, మీరు మాట్లాడుతుండగానే అవతల బండి బయలుదేరుతుంది. పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయకండి. గుండె ఆగితే ఛాతీ మీద ఎలా నొక్కాలో కూడా వాళ్ళే లెక్కపెడుతూ చెప్తారు. ఇంకొకరు కిందకి వెళ్ళి గేటు తీసి నిలబడండి. అంబులెన్స్‌తో పాటు పోలీసులు, ఫైరింజన్ కూడా వస్తే భయపడొద్దు, ఇక్కడ అది మామూలే, మీరేదో తప్పు చేశారని కాదు. పొరపాటున 911 నొక్కితే కట్ చేయకుండా "పొరపాటున చేశాను" అని చెప్పండి, లేకపోతే తిరిగి ఫోన్ చేస్తారు, ఇంటికి కూడా రావచ్చు.

ఈఆర్‌లో

డబ్బు లేదని, ఇన్సూరెన్స్ లేదని, వీసా ఏదో తేలలేదని ఈఆర్ వాళ్ళు మిమ్మల్ని వెనక్కి పంపడానికి లేదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం మెడికేర్ (ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) డబ్బు తీసుకునే ఆసుపత్రులు, అంటే దాదాపు అన్నీ, ఎవరొచ్చినా పరీక్ష చేసి, ప్రమాదం ఉంటే నిలకడగా అయ్యేదాకా వైద్యం చేయాలి. అది ఉచితమని కాదు, బిల్లు తర్వాత వస్తుంది. కానీ డబ్బు కోసం ముందు ఆపకూడదు. అర్జెంట్ కేర్‌కి ఈ చట్టం మామూలుగా వర్తించదు, వాళ్ళు ముందే కార్డు అడగొచ్చు.

ముందు వచ్చినవాళ్ళని ముందు చూడరు, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళని ముందు చూస్తారు. అందుకే ట్రయాజ్ నర్సు, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సు దగ్గర సరిగ్గా చెప్పడం చాలా అవసరం. నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడుగుతుంది. మనకి చిన్నప్పట్నుంచి "పర్లేదు" అనడం మర్యాద. మా రూమ్మేట్ ఆ రోజు గోడ పట్టుకుని నిలబడి, పళ్ళు బిగపట్టి, "ఫోర్" అన్నాడు. ఆ నర్సు వాడి మొహంకేసి చూసి మళ్ళీ అడిగింది కాబట్టి సరిపోయింది. మీకు తొమ్మిది ఉంటే తొమ్మిదనే చెప్పండి. కూర్చున్నాక నొప్పి పెరిగినా, కళ్ళు తిరిగినా లేచి వెళ్ళి మళ్ళీ చెప్పండి, పిలిచేదాకా ఓపిక పట్టాల్సిన పని లేదు.

మనం వాడే ఇంగ్లీష్ మాటలు కొన్ని వీళ్ళకి అర్థం కావు. మోషన్స్ అవుతున్నాయి అంటే తెలియదు, డయేరియా అనాలి. ఫిట్స్ వచ్చాయి అంటే సీజర్ (seizure) అనాలి. షుగర్ ఉంది అంటే డయాబెటిస్, బీపీ ఉంది అంటే హై బ్లడ్ ప్రెషర్. పుట్టిన తేదీ రాసేటప్పుడు ముందు నెల, తర్వాత తారీఖు, ఆగస్టు 5న పుట్టినవాళ్ళు 08/05 అని రాయాలి. పేరు ఇన్సూరెన్స్ కార్డు మీద ఎలా ఉందో అలాగే రాయించండి. మన ఇంటిపేరు ముందుండటం వల్ల ఒకచోట ఇంటిపేరు లాస్ట్ నేమ్‌గా, ఇంకోచోట ఫస్ట్ నేమ్‌గా ఎక్కి, క్లెయిమ్ తిరిగొచ్చి నెలల తరబడి తిప్పలు పడినవాళ్ళు నాకు తెలుసు.

అమ్మకో నాన్నకో ఇంగ్లీష్ రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ప్రభుత్వ డబ్బు అందుకునే ఆసుపత్రులు ఉచితంగా ఇవ్వాలి, ఫోన్‌లోనో వీడియోలోనో కలుపుతారు. మీరే అనువాదం చేద్దాం అనుకోకండి, కంగారులో మీరే సగం మింగేస్తారు, పైగా అమ్మ కొన్ని విషయాలు కొడుకు ముందు చెప్పదు. ఇంకొకటి, రోగి ఒప్పుకోకపోతే డాక్టర్లు రూమ్మేట్‌కి వివరాలు చెప్పకపోవచ్చు. కాబట్టి లోపలికి వెళ్ళేటప్పుడే "ఇతనికి చెప్పొచ్చు" అని నర్సుతో అనండి. వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాగితాలు పారేయొద్దు, మళ్ళీ ఎప్పుడు ఎవరికి చూపించుకోవాలో, ఏ లక్షణం కనిపిస్తే వెనక్కి రావాలో అందులోనే ఉంటుంది.

బిల్లులు

ఒక్క బిల్లు రాదు. ఆసుపత్రిది ఒకటి, డాక్టర్ది ఒకటి, స్కాన్ చదివినవాళ్ళది ఒకటి, అంబులెన్స్‌ది ఒకటి, వారాల తేడాతో వస్తాయి. ఈలోపు ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్, వాళ్ళ వాటా ఎంత, మీ వాటా ఎంత అని చెప్పే లెక్క) అని ఒక కాగితం వస్తుంది, దాని మీద "ఇది బిల్లు కాదు" అని రాసే ఉంటుంది, అది చూసి గుండెలు బాదుకోకండి. బిల్లు వచ్చాక ఈఓబీలో మీ వాటా ఎంత అని ఉందో దానితో పోల్చి చూడండి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, ఉద్యోగంతో వచ్చిన ప్లాన్లు, మామూలు హెల్త్ ప్లాన్లు ఉన్నవాళ్ళు ఎమర్జెన్సీలో నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి వెళ్ళినా నెట్‌వర్క్ లెక్కల ప్రకారమే కట్టాలి. రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌కి ఈ రక్షణ లేదు, ట్రావెల్ ఇన్సూరెన్స్‌లకీ వర్తించదు.

కట్టే ముందు ఐటమైజ్డ్ బిల్ అడగండి, ప్రతి వస్తువూ విడిగా రాసింది. చేయని పరీక్షకి వేసినవి కనిపిస్తే ఫోన్ చేసి తీయించండి. కట్టలేకపోతే ఆసుపత్రి వాళ్ళని "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ అప్లికేషన్ పంపండి" అని అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి అలాంటి పథకం ఉండి తీరాలని చట్టం, డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చినప్పట్నుంచి కనీసం 240 రోజుల దాకా అప్లికేషన్ తీసుకోవాలి. ఆదాయం లేని స్టూడెంట్లకి చాలా తగ్గొచ్చు, పూర్తిగా పోయినవాళ్ళూ ఉన్నారు. కొన్ని ఆసుపత్రులు ఎవరికి వర్తిస్తుందో తమ షరతులు పెడతాయి, అయినా అడగండి. మా రూమ్మేట్‌కి ఇలాగే పెద్ద మొత్తం తగ్గింది, మిగతాది నెలనెలా వడ్డీ లేకుండా కట్టాడు. భయపడి మొత్తం క్రెడిట్ కార్డు మీద గీకేయకండి, అప్పుడది ఆసుపత్రి బాకీ కాదు, వడ్డీ పెరిగే బ్యాంకు బాకీ అవుతుంది. కవర్లు తెరవకుండా డ్రాయర్‌లో పడేయడం అన్నిటికంటే చెడ్డది.

అమ్మానాన్నలు వస్తుంటే, అమ్మానాన్నలు అక్కడ ఉంటే

వచ్చేవాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ చౌకగా కనిపిస్తుంది, కానీ ఒక్కో చికిత్సకి ఇంతే అని చిన్న మొత్తం ఇచ్చి ఊరుకుంటుంది. కాంప్రహెన్సివ్ ప్లాన్ చూడండి. షుగర్, బీపీ, స్టెంట్ ఉన్నవాళ్ళయితే పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే కవర్ చేస్తుందా, ఏ వయసు దాకా చేస్తుంది అన్నది కొనే ముందే అడగండి. పాత డిశ్చార్జ్ సమ్మరీ, ఈసీజీ, మందుల చీటీ ఫోటోలు మీ ఫోన్‌లోనూ ఉండాలి. మీరు ఆఫీస్‌కి వెళ్ళాక ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మకి ఫోన్‌లో 911 ఎలా కొట్టాలో, "తెలుగు" అనే మాట ఎలా చెప్పాలో చూపించండి, అడ్రస్ కాగితం ఆవిడ చేత చదివించండి. ఇక్కడే బిడ్డ పుడితే, ఉద్యోగం తాలూకు ఇన్సూరెన్స్‌లో బిడ్డ పేరు చేర్చడానికి చాలావరకు 30 రోజులే టైమ్ ఉంటుంది.

ఇక ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకి. పిల్లలు రెండు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే అక్కడ్నుంచి 911 కొడితే ఈ ఊరికి కలవదు. అబ్బాయో అమ్మాయో ఉండే ఊరి పోలీసులకి మామూలు పది అంకెల నంబరు ఉంటుంది, క్యాంపస్ పోలీసులకి వేరే ఉంటుంది, ఆ నంబరుకి ముందు +1 పెట్టి ఫోన్ చేసి, అడ్రస్ చెప్పి, "వెల్‌ఫేర్ చెక్" కావాలి అని అడగండి. పోలీసులు ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి చూస్తారు. ప్రమాదాల్లాంటివి జరిగితే ఇక్కడి తెలుగు సంఘాలైన తానా వాళ్ళ టీమ్ స్క్వేర్, నాట్స్ వాళ్ళ హెల్ప్‌లైన్ మనవాళ్ళకి సాయం చేస్తుంటాయి. పిల్లలూ, మీ అడ్రస్, ఒక రూమ్మేట్ నంబరు, మీ ఊరి పోలీసుల నంబరు ఈ మూడూ ఈ రాత్రి అమ్మతో మాట్లాడేటప్పుడు ఆవిడ ఫోన్‌లో సేవ్ చేయించండి, సేవ్ అయిందో లేదో తిరిగి చదివించుకోండి.